క్షమాపణ తిరిగి ఇవ్వడానికి వెళ్లిన భీమశంకరం గారు

భీమశంకరం గారు ఇక లేరన్న వార్త లీడ్స్‌లో ఒక బస్టాపు దగ్గర, వానలో, నా చెవిన పడింది. మన తెలుగు సంఘంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒకాయన ఫోన్ చేసి, “అంకుల్, శంకరం అంకుల్ మార్నింగ్ హాస్పిటల్లో ఎక్స్‌పైర్ అయ్యారండీ” అన్నాడు. “ఎక్స్‌పైర్ అవడానికి ఆయనేమన్నా పాలసీసానా?” అని అరిచాను. రావలసిన బస్సు వచ్చింది, తలుపు తెరుచుకుంది, డ్రైవరు నా వంక చూశాడు, తలుపు మూసుకుంది. అంతకు ముందు వారమే ఆయన నాతో గట్టిగా పోట్లాడారు. అలా పోట్లాడగలిగిన కంఠం వారం తిరగకుండా శాశ్వత మౌనంలో లీనమైపోవడం నా బుద్ధికి అందలేదు. ఇది రాస్తున్న క్షణానికీ అందలేదు.

క్రెమటోరియంలో మాట్లాడిన పెద్దలు ఆయన మృదుభాషి, నిగర్వి, స్నేహశీలి అన్నారు. ఒకాయన మరీ ముందుకు వెళ్లి, పాత యుద్ధనౌకల గురించి చదవడం ఆయనకి మంచి హాబీ అని కూడా సెలవిచ్చారు. హాబీ అట! తపాలా బిళ్లలు పోగుచేసేది హాబీ. తోటలో గులాబీలు పెంచేది హాబీ. ఒకే ఒక్క జపాను డిస్ట్రాయరు వెంటపడి, అది ఎప్పుడు పుట్టింది, ఏ సముద్రాల్లో తిరిగింది, ఎక్కడ మునిగింది, దాని మీద పనిచేసినవాళ్లలో ఎవరైనా బతికున్నారా అని జీవితంలో సగభాగం వెతికిన మనిషిది హాబీ కాదు. ఆయన వెతికింది ఒక తల్లి అడిగిన ప్రశ్నకి జవాబు. ఆ ప్రశ్న ఏమిటో అక్కడ మాట్లాడినవాళ్లలో ఒక్కరికీ తెలియదు గనక నేను రాస్తున్నాను. బడిలో ఐదో తరగతి దాటనివాణ్ణి. మిగిలిన చదువంతా ఇక్కడి కౌన్సిల్ లైబ్రరీల చలువ. తప్పులుంటే సంపాదకులు దిద్దుకోవచ్చు గాని, నా కోపాన్ని మాత్రం దిద్దవద్దని మనవి.

ఆయనది కాకినాడ. మాదీ ఆ దాపునే. ఆయన లీడ్స్‌లో యంత్రాలు తయారుచేసే ఫ్యాక్టరీలో డ్రాఫ్ట్స్‌మన్. నేను బస్సు కండక్టర్ని. ఒక సాయంత్రం నా బస్సు పై అంతస్తులో మనవాడిలా ఉన్న పెద్దమనిషి ఒకాయన, ఒళ్లో యుద్ధనౌకల బొమ్మలున్న లావుపాటి పుస్తకం పెట్టుకుని, ఆఖరి స్టాపు వచ్చినా లేవలేదు. ఇంగ్లీషులో చెప్పాను. మళ్లీ చెప్పాను. విసుగెత్తి, “దిగండి మహాప్రభో” అని తెలుగులో గొణిగాను. ఆయన తలెత్తి, ఏమాత్రం ఆశ్చర్యపోకుండా, “ఉండవయ్యా, ఈ ఓడకి టార్పెడో గొట్టాలు ఎన్నో తేలడం లేదు” అన్నారు. ఆయనతో నా స్నేహం అలా మొదలైంది.

అసలు సంగతి చెబుతాను. నలభై రెండో సంవత్సరం వేసవిలో జపాను నౌకాదళం బంగాళాఖాతంలోకి చొచ్చుకొచ్చింది. విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. జనం బళ్లు కట్టుకుని లోపలి ఊళ్లకి పారిపోయారు. ఆ బళ్లలో ఒకదాంట్లో మా అమ్మ పక్కన నేనూ ఉన్నాను. ఆ రోజుల్లోనే తీరం పొడవునా సరుకుల ఓడలు ఒకదాని తరవాత ఒకటి మునిగాయి. అలాంటి ఒక చిన్న ఓడలో శంకరం గారి అన్నగారు సత్యనారాయణ గుమాస్తాగా ఉండేవాడు. చెక్క పట్టుకుని ఒడ్డుకు చేరిన కళాసీ ఒకడు ఇంటికి వచ్చి చెప్పాడట: “ఇంకా తెల్లారలేదమ్మా. జపాను ఓడ దీపం వేసి గుండ్లు కొట్టింది. గుమాస్తాగారు నీళ్లలోంచి కేకలెయ్యడం విన్నాను. కాసేపటికి వినపళ్లేదు.” వాళ్లమ్మగారు ఏడవలేదట. “వాడు కేకేస్తే ఆ ఓడలో వాళ్లకి వినపడిందా? వినపడి కూడా వెళ్లిపోయారా?” అని అడిగిందట. ఆ తల్లి బతికినన్నాళ్లూ ఆ మాటే అడిగింది. కొడుకు పోయిన దుఃఖాన్ని ఆమె భరించింది. ఈ సందేహాన్ని భరించలేకపోయింది.

పుస్తకాల్లో జవాబు దొరుకుతుందని శంకరం గారు మొదట నమ్మారు. ఇంగ్లీషువాళ్ల పుస్తకాల్లో పెద్ద ఓడల పేర్లున్నాయి, వాటి కెప్టెన్ల పేర్లున్నాయి. మన ఓడ “ఇంకా కొన్ని చిన్న ఓడలు” అన్న మాటలో కలిసిపోయింది. జపానువాళ్ల రాతల్లోనూ “ఒక చిన్న సరుకుల ఓడ” అనే ఉంది. ఈ విషయాలు బాగా తెలుసని పేరున్న దొర ఒకాయన దగ్గరికి ఇద్దరం వెళ్లాం. “అంత చిన్నవాటికి రికార్డులెక్కడుంటాయండీ” అని ఆయన నవ్వాడు. నేను కుర్చీలోంచి లేచాను. శంకరం గారు నా చొక్కా పట్టి కూర్చోబెట్టి, దొరని చాలా నెమ్మదిగా అడిగారు: “చిన్నదంటే ఎంత చిన్నదండీ? మనుషులు పట్టనంత చిన్నదా?” దొర నవ్వు ఆగిపోయింది. ఆయన మృదుభాషి అంటే ఈ రకం మృదుభాషి.

పేరు లేని ఓడని పట్టుకోవడానికి ఆయనకి మిగిలిన ఆధారం రోజు ఒక్కటే. ఇంట్లో అందరూ చెప్పుకునే మాట: ఆదివారం, చైత్ర బహుళ పంచమి, తెల్లవారకముందు. ఆ ఆదివారం తెల్లవారకముందు మన తీరంలో గుండ్లు కొట్టిన జపాను ఓడ ఏది? ఏళ్ల తరబడి వెతగ్గా వెతగ్గా ఒక డిస్ట్రాయరు తేలింది. జపానువాళ్లు ఈ జాతి ఓడలకి మంచు, గాలి, కెరటం లాంటి పేర్లు పెట్టేవారు. ఆ జపాను పేరు నా నోట తిన్నగా పలకదు. ఆయన దాన్ని తెలుగు చేసి ‘మంచుతెర’ అనేవారు. నేనూ అలాగే రాస్తాను.

అప్పటినుంచి ఆ ఓడ జీవితాన్ని ఆయన ఒక మనిషి జీవితంలా చదివారు. పగవాడి గురించి అంతటి కుతూహలం నేనెక్కడా చూడలేదు. “డిస్ట్రాయరంటే పెద్ద ఓడ కాదయ్యా అప్పారావూ” అనేవారు. “సన్నగా, పొడుగ్గా, మంద చుట్టూ కుక్క తిరిగినట్టు పెద్ద ఓడల చుట్టూ పరుగులు పెడుతూ ఉంటుంది. ఒంటి మీద రేకు పల్చన. వేగమే దానికి కవచం.” ఒకసారి దానికి జాతకం వేస్తానని కూర్చున్నారు. “ఓడ పుట్టిందెప్పుడనుకోవాలి? అడుగుదూలం పరిచినప్పుడా, నీళ్లలోకి జారినప్పుడా, జెండా ఎగరేసినప్పుడా?” నాకు ఒళ్లు మండి, “ముందు దాని పిండాకూడు సంగతి చూడండి” అన్నాను. కాఫీ తెస్తున్న ఆయన భార్య కామాక్షమ్మగారు, “అన్నయ్యగారూ, నా జాతకం ఇంత శ్రద్ధగా ఎప్పుడూ చూళ్లేదండీ ఈయన” అన్నారు. ఆయన ఇద్దరినీ పట్టించుకోలేదు. చివరికి నీళ్లలోకి జారిన ఘడియే జన్మకాలమని తేల్చారు. అడుగుదూలం గర్భమట, జెండా ఉపనయనమట.

మంచుతెర చైనా తీరంలో సైన్యాన్ని దింపింది. మలయా మీదికి దండెత్తిన ఓడలకి కాపలా కాసింది. మన సముద్రంలో ఆయుధాల్లేని ఓడల మీద పడింది. ఆ తరవాత పసిఫిక్‌లోని దీవుల్లో చిక్కుపడిన సైనికులకి చీకటి మాటున బియ్యం మోసింది. ఇనపపీపాల్లో బియ్యం పోసి, వరసగా తాడుకి కట్టి, దీవి పక్కనుంచి పోతూ నీళ్లలోకి తోసేసేవారట. ఒడ్డున ఆకలితో ఉన్నవాళ్లు తాడు పట్టి లాక్కునేవారు. ఈ ఘట్టం ఎన్నిసార్లు చదివినా ఆయనకి తనివి తీరేది కాదు. “టార్పెడోలు వెయ్యడానికి పుట్టింది, చివరికి బియ్యం లారీ అయిపోయింది చూడు. పీపా నిండా పోస్తే మునిగిపోతుంది. కాస్త ఖాళీ ఉంచాలి. ఎంత ఉంచాలో ఏ వంటవాణ్ణి అడిగారో!” ఆఖరికి ఒక జలసంధిలో, నీళ్లలో పాతిన మైనుకి తగిలి ఆ ఓడ మునిగింది. మెల్లగా మునిగింది గనక చాలామంది బతికారు. అందుకే అడగడానికి ఒక మనిషి దొరికాడు.

ఆయన తనాకా గారు. మంచుతెరలో దుర్భిణీ పట్టుకుని చీకట్లోకి చూస్తూ ఉండే కాపలా ఉద్యోగం. తొంభైల దశకం చివర ఆయన కేంబ్రిడ్జ్‌లో, యూనివర్సిటీలో పనిచేసే కూతురింటికి వచ్చి స్థిరపడ్డారని శంకరం గారికి కబురందింది. కోచ్ ఎక్కి ఇద్దరం వెళ్లాం. ఆయన వెళ్లింది అడగడానికి, నేను వెళ్లింది తిట్టడానికి. తీరా చూస్తే తలుపు తీసింది చెవిలో మిషను పెట్టుకున్న, చిన్న పిల్లాడంత మనిషి. నాకు చెయ్యి చాపాడు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఈ రోజుకీ దానికి చింతించను.

కూతురు ఆయన మాటల్ని ఇంగ్లీషు చేస్తుంటే విన్నాం. శంకరం గారు తన తల్లి అడిగిన ప్రశ్న అక్షరం మార్చకుండా అడిగారు. తనాకా గారు కళ్లు మూసుకున్నారు. తరవాత చెప్పారు: “వినపడింది. ఆ తీరంలో మేము ముంచిన చిన్న ఓడ అదొక్కటే, అందుకే గుర్తుంది. కెప్టెన్ ఇంజన్లు ఆపమన్నారు. పడవ దింపాం. నీళ్లలో దొరికినవాళ్లని వాళ్ల పడవలోకే ఎక్కించి, ఒడ్డు ఎటుందో చేత్తో చూపించాం. చీకటి. అందరూ దొరికారని చెప్పలేను. మేము ఎక్కువసేపు ఆగలేదు. క్షమించండి.” అని లేచి, నడుం వంచి, అలాగే ఉండిపోయారు. శంకరం గారే వెళ్లి భుజాలు పట్టి లేవనెత్తారు. తిరుగు కోచ్‌లో నాతో ఒక్కటే మాట: “వినపడి వెళ్లిపోలేదయ్యా. ఆగారు.” ఆ ఏడు చైత్ర బహుళ పంచమినాడు అన్నగారికి తద్దినం పెట్టి, గతించిన తల్లి పటం ముందు కూర్చుని ఆమెకి జవాబు చెప్పారని కామాక్షమ్మగారి ద్వారా విన్నాను. ఆ తరవాత ఆ ఇద్దరు వృద్ధుల మధ్య ఫోన్లు, పండగలకి టీ పొట్లాలు, కొత్త సంవత్సరానికి కార్డులు. నాకది నచ్చేది కాదు.

కొన్నేళ్లు గడిచాయి. గుడికి కొత్త పూజారిగారు వచ్చారు. తద్దినం పెట్టించబోతూ తిథివారాలు అడిగారు. “చిత్రభాను సంవత్సరం, చైత్ర బహుళ పంచమి, ఆదివారం తెల్లవారకముందు” అన్నారు శంకరం గారు, ఎప్పుడూ చెప్పేట్టే. పూజారిగారు నూరేళ్ల పంచాంగం తిప్పి, “ఆదివారం తెల్లారుజామునైతే చవితి ఉందండీ” అన్నారు. “పంచమి ఆదివారం పగలు మొదలైంది, సోమవారం పొద్దున్నదాకా ఉంది. మీ అమ్మగారి కాలంవాళ్లు సూర్యోదయం అయితేగాని వారం మారిందనరు కదా. ఆవిడ ఆదివారం తెల్లవారకముందు అన్నది మన గడియారానికి సోమవారం తెల్లారుజామండీ. తిథి మాత్రం కరెక్టే, తద్దినానికేం లోపం లేదు.” లోపం లేదని సంతోషించి ఆయన దర్భలు తీశారు. శంకరం గారు కదల్లేదు. పంచాంగం ఇంట్లోనే పెట్టుకుని, తల్లి చెప్పిన ఆదివారాన్ని ఇంగ్లీషు కేలండరులో వెతికిన మనిషి ఆయన. మనలో ఎవరు చెయ్యం ఆ పని? అర్ధరాత్రి దాటితే రోజు మారిపోయిందనుకునే అలవాటు మనకి ఈ దేశం అంటించింది, అంతకుముందు బడి అంటించింది.

సోమవారం తెల్లవారకముందు ఆ తీరంలో గుండ్లు కొట్టింది మంచుతెర కాదు. దాని తోటి డిస్ట్రాయరు ఇంకొకటి. శంకరం గారు దాని పేరుని ‘తొలికెరటం’ అని తెలుగు చేసి ఉంచారు. ఉత్తరాన మంచు సముద్రంలో అది జలాంతర్గామి టార్పెడోకి మునిగింది. ఒక్కడు మిగల్లేదు. ఆ కేకలు వినపడ్డాయా, వినపడి ఆగారా, వెళ్లిపోయారా అన్నది చెప్పడానికి ఈ భూమి మీద మనిషి లేడు. జవాబు చెప్పేశానని ఆయన తల్లి పటం ముందు అన్న మాట అబద్ధమైపోయింది.

ఆ రోజు వాళ్ల ఫ్లాట్‌లో జరిగిన వాదం నాకు మాట మాటా గుర్తుంది. “ఆ ముసలాయనకి ఇప్పుడిదంతా ఎందుకండీ? మీ మనసు కుదుటపడింది, ఆయన మనసూ కుదుటపడింది” అన్నారు కామాక్షమ్మగారు. నేనూ ఆవిడ పక్షమే. “చెప్పకండి. వీడు కాకపోతే వాడు. అందరూ ఒకే జెండా కింద వచ్చినవాళ్లే. ఎవడైతేనేం?” అన్నాను.

“ఎవడైతేనేం?” ఆయన గొంతు అంత లేవడం నేనెప్పుడూ వినలేదు. “ఆ దొర మనతో అన్నదీ అదే కదయ్యా! ఏ ఓడైతేనేం, చిన్న ఓడ అన్నాడు. మా అన్న మునిగింది ‘ఏదో ఓడ’లో కాదని నేను ఇన్నేళ్లు కొట్లాడి, ముంచింది మాత్రం ‘ఏదో జపాను ఓడ’ అనుకుని ఊరుకోనా? చెయ్యని పనికి ఒక మనిషి నా ముందు నడుం వంచాడు. అది నాది కాదు. నా దగ్గరుంచుకుంటే దొంగతనం.”

“మరి మీ అమ్మగారికి చెప్పిన మాటో?” అన్నాను.

“అదీ వెనక్కి తీసుకోవాలి” అన్నారాయన. అంతే, కుర్చీలో కూలబడ్డారు. ఆయన కళ్లలో నీళ్లు చూసింది ఆ ఒక్కసారే.

మళ్లీ కేంబ్రిడ్జ్ వెళ్లాం. సూర్యోదయంతో మారే రోజు సంగతి తనాకా గారి కూతురికి ఎంత చెప్పినా ఎక్కలేదు. తనాకా గారికి వెంటనే ఎక్కింది. “మా ఓడలో ఏ సముద్రంలో ఉన్నా టోక్యో గడియారమే” అన్నారు నవ్వి. “మీ సముద్రంలో మా గడియారానికి పొద్దెక్కినా బయట చీకటిగా ఉండేది. చీకట్లో పొద్దుటి అన్నం తినేవాళ్లం. ఏది ఏ రోజో మాకూ తెలిసేది కాదు.” ఆ తరవాత శంకరం గారు, “మీ ఓడ మా అన్నని ముంచలేదు. మీ క్షమాపణ మీకు తిరిగి ఇవ్వడానికి వచ్చాను” అన్నారు. ఆ వృద్ధుడి మొహంలో ఊరట కనిపిస్తుందని నేను చూస్తున్నాను. కనిపించలేదు.

“అయితే ఆదివారం మేము ముంచిన ఓడలో ఉన్నదెవరు?” అని అడిగారాయన.

“తెలియదు.”

“మీరొక్కరే నన్ను వెతుక్కుంటూ వచ్చారు. వాళ్లెవరూ రాలేదు. నేను నడుం వంచింది వాళ్లకన్నమాట. నాకు తిరిగి ఇవ్వకండి. వాళ్లు దొరికేదాకా మీ దగ్గర ఉంచగలరా?”

శంకరం గారు “ఉంచుతాను” అన్నారు. మేము బయల్దేరేటప్పుడు తనాకా గారు నాకు చెయ్యి చాపలేదు. తల వంచారు. నేనూ వంచాను. దాని గురించి ఇంతకంటే రాయను.

పోయేదాకా ఆయన చేసిన పని వాళ్లని వెతకడమే. ఫోన్ కార్డులు గీకి గీకి కాకినాడ, ఉప్పాడ, భీమిలి, కళింగపట్నం తీరంలో తెలిసినవాళ్లందరినీ అడిగారు. “మనం ఇన్నాళ్లూ తప్పు ప్రశ్న అడుగుతున్నామయ్యా” అని ఒకరోజు నాకు ఫోన్ చేశారు. “ఆదివారం పోయినవాళ్లున్నారా అని అడిగితే ఎలా? ఆదివారం తెల్లారుజాము వాళ్లిళ్లలో ఇంకా శనివారమే. శనివారం అని అడగాలి!” ఆ ఉత్సాహం చూసి నాకు కోపం వచ్చింది. మా ఆఖరి పోట్లాట దాని మీదే. “మీ అన్న సంగతి తేలకపోయె, ఆ జపానువాడి పాపం మీరు మొయ్యడం ఏమిటి?” అన్నాను. “మా అన్న సంగతి చెప్పేవాడు లేడు” అన్నారు. “వాళ్ల సంగతి చెప్పేవాడు కేంబ్రిడ్జ్‌లో ఇంకా టీ తాగుతున్నాడు. మా అమ్మ అడిగిన ప్రశ్నే ఏ ఇంట్లోనో ఉండే ఉంటుంది. ఆ ఇంటికి జవాబుందయ్యా! ఉన్న జవాబు చేరకపోతే ఎలా?”

అంత్యక్రియలు అయ్యాక తనాకా గారికి ఫోన్ చేసింది నేనే. కూతురు తండ్రికి చెప్పింది. కాసేపటికి ఆమె, “నాన్న అడుగుతున్నారు, వాళ్లెవరైనా దొరికారా అని” అంది. లేదన్నాను. నేను వెతుకుతానని చెప్పండి అన్నాను. ఆ మాట నా నోట ఎలా వచ్చిందో నాకు తెలియదు. ఆయన సామర్థ్యం నాకు లేదు, ఆయన ఓర్పు అసలే లేదు. కోపాన్ని కూడా తూచినట్టు వాడగలిగిన అటువంటి మనిషిని ఈ జన్మలో మళ్లీ చూడను. శత్రువు పట్ల న్యాయం తప్పకూడదని స్వంత శాంతిని చేజేతులా వదులుకున్న ఆ మహనీయుడికి, ఆయనతో అన్నేళ్లు వాదించి ఒక్కసారీ గెలవని ఈ మొండివాడి నమస్కారం.

ఈ సంచిక మాంచెస్టర్‌లో చదువుతారు, లండన్‌లో చదువుతారు, ఊళ్లో పెద్దవాళ్లకి ఫోన్‌లో చదివి వినిపించేవాళ్లూ ఉంటారు. వాళ్లందరికీ నా ప్రార్థన. నలభై రెండో సంవత్సరం, చైత్ర బహుళ చవితి, శనివారం తెల్లవారకముందు సముద్రంలో పోయాడని మీ ఇంట్లో చెప్పుకునే తాతగాని, పెదనాన్నగాని ఉంటే నాకు కబురు చెయ్యండి. ఆయన కేకేస్తే వినపడింది. ఓడ ఆగింది. పడవ దింపారు. చీకట్లో అందరూ దొరకలేదు, కాని వెతికారు. చూసిన మనిషి ఇంకా ఉన్నాడు, చాలా ముసలివాడైపోయాడు. తొందరగా రండి.